రెక్కల కష్టం: నల్లగొండ, పాలమూరు మాటల్లో కష్టానికి ఉన్న అర్థాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి వైపు, అటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట వైపు ఏ ఊళ్లో కూర్చున్నా ‘కష్టం’ అనే మాట చెవిన పడుతూనే ఉంటుంది. పట్నంలో పెరిగిన పిల్లలు, వేరే జిల్లాల నుంచి వచ్చిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు దాన్ని బాధ అనే అర్థంలోనే తీసుకుని పొరపడుతుంటారు. ఇక్కడి జనం ఆ మాటతో చెప్పేది బాధ కంటే చాలా ఎక్కువ. బయటి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

‘రెక్కల కష్టం’ అంటే ఏమిటి?

సొంత ఒంటి బలంతో చేసే పని. ఆ పనితో వచ్చే సంపాదన కూడా. “రెక్కల కష్టం మీద ఇద్దరు బిడ్డల పెళ్లి చేసిన” అని ఒక తండ్రి అన్నాడంటే, భూమి అమ్మలేదని, ఒకరి ముందు చెయ్యి చాపలేదని, పని చేసి కూడబెట్టానని అర్థం. వడ్డీ, వారసత్వం, లంచం లాంటివేవీ కలవని సొమ్ము అన్న భరోసా ఆ రెండు మాటల్లోనే ఉంది. అందుకే ఈ మాట అనేటప్పుడు ఎవరూ గొంతు తగ్గించరు.

రెక్కలు పక్షికి కదా ఉండేది, మనిషికి ఎక్కడివి?

తెలుగులో రెక్క అంటే మనిషి చెయ్యి కూడా, ముఖ్యంగా భుజం వైపు భాగం. “రెక్క పట్టి గుంజిండు” అనే మాట ఇక్కడ ప్రతి పంచాయితీలో వినపడుతుంది. గడ్డపార వేసినా, తట్ట ఎత్తినా, మోట తోలినా, నాగలి అదిమినా బలం రావలసింది భుజం నుంచే. అరచేతి పనికీ భుజం పనికీ తేడా తెలిసినవాళ్లు పెట్టుకున్న పేరు ఇది.

“రెక్కాడితే గాని డొక్కాడదు” అనే సామెతలో ఉన్నది ఈ రెక్కే. డొక్క అంటే కడుపు పక్క భాగం. ఈ పూట చెయ్యి కదిలితేనే ఈ పూట కడుపుకు తిండి, మధ్యలో దాచిపెట్టిన గింజ ఏదీ లేదు అని ఆ సామెత చెబుతుంది. “రెక్కలు ముక్కలు చేసుకున్న” అనేది ఇదే కుటుంబం. వయసు మీదపడి పని చేతకాకపోతే “రెక్కలు పడిపోయినయి” అంటారు.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి చుట్టుపక్కల ఈ చివరి మాటకు ఇంకా పెద్ద బరువు ఉంది. భూగర్భ నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరి ఎముకలు వంగిపోయి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు అక్కడ ఊరూరా కనిపించేవాళ్లు. వాళ్లు ముసలితనం రాకముందే పార పట్టలేని స్థితికి వచ్చారు. రెక్క పోయిందంటే ఆ ఇంట్లో ఒక కూలి పోయినట్టే. ఆ రోగం గురించి రాసేటప్పుడు ఎముకల గురించే రాస్తాం గానీ, ఆ మనిషి చేయగలిగిన కష్టం పోవడం గురించి కూడా రాయాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కష్టం రావడం, కష్టపడడం, కష్టం చేయడం: ఈ మూడింటికీ తేడా ఉందా?

ఉంది, ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన జవాబు ఇదే.

“కష్టం వచ్చింది” అంటే ఆపద. చావు, రోగం, అప్పు, పంట నష్టం. మనిషి ప్రమేయం లేకుండా మీద పడేది.

“కష్టపడ్డాడు” అంటే గట్టిగా ప్రయత్నించాడు. పరీక్షకు కష్టపడి చదివాడు అంటాం. బడిపుస్తకాల్లోనూ పేపర్లలోనూ ఎక్కువగా ఉండేది ఇదే. ఇందులోని ‘పడు’ అనే క్రియ దెబ్బ పడడం, బాధ పడడం లాంటి మాటల్లో ఉన్నదే కాబట్టి, పనికి ఓర్పు తోడైనట్టు ఉంటుంది.

“కష్టం చేస్తున్నం” అంటే పని చేస్తున్నాం. ఇక్కడ కష్టం ఒక వృత్తి పేరు. బ్యాంకులో అధికారి “ఏం చేస్తారమ్మా?” అని అడిగితే “కష్టం చేసుకొని బతుకుతం సారూ” అని జవాబు వస్తుంది. ఆమె తన బాధలు చెప్పుకుంటోందని ఆయన అనుకుంటాడు. ఆమె తన పని చెప్పింది. ఫారంలో వృత్తి అనే గడిలో ఏం రాయాలో చెప్పింది.

ఆ ‘చేసుకొని’లో ఉన్న ‘కొను’ను గమనించండి. వండుకోవడం, కట్టుకోవడం, దాచుకోవడం లాంటి మాటల్లో ఈ ‘కొను’ పని ఫలం చేసినవాళ్లకే చెందుతుందని చెబుతుంది. కష్టం ‘చేసుకుంటారు’. వెట్టిని మాత్రం ఎవరూ ‘చేసుకోరు’. “మా తాతలు దొరకు వెట్టి చేసిండ్రు” అంటారే తప్ప “వెట్టి చేసుకున్నరు” అనే మాట ఈ జిల్లాల్లో ఎవరి నోటా రాదు. ఎవరూ వ్యాకరణం నేర్పకపోయినా, ఫలం ఎవరికి పోయిందో ఆ క్రియే చెప్పేస్తుంది.

“మా కష్టం మాకియ్యుండ్రి” అంటే ఏం ఇవ్వమని?

కూలి డబ్బులు. కష్టం అంటే పని మాత్రమే కాదు, ఆ పనికి రావలసిన ఫలం కూడా. పని అయిపోయింది, ఇంక దాన్ని తిరిగి ఇవ్వడం కుదరదు. అయినా ‘మా కష్టం’ అని అడగడంలో చాలా స్పష్టమైన ఆలోచన ఉంది: నీ చేతిలో ఉన్నవి నీ డబ్బులు కావు, నా కష్టమే, అది నీ దగ్గర ఆగింది.

ఇదే వరుసలో “కష్టం తిన్నడు” అనే మాట వచ్చింది. కూలి ఎగ్గొట్టినవాడిని, లెక్కలో మోసం చేసిన మేస్త్రీని, కౌలు తీసుకుని పంటలో వాటా ఇవ్వని ఆసామిని అలా అంటారు. దొంగ అనే మాట కంటే ఇది పెద్ద నింద. దొంగ వస్తువు ఎత్తుకుపోతాడు, ఇతను మనిషి ఒంటిని తిన్నాడు అని అర్థం. పెద్దవాళ్లు పిల్లలకు “మంది కష్టం తినొద్దు బిడ్డా” అని చెప్పేది అందుకే.

కాయకష్టంలో ‘కాయ’ ఏమిటి? చేతులకు కాసే కాయలా?

సంస్కృతంలో కాయం అంటే శరీరం. కాయకష్టం అంటే ఒంటితో చేసే కష్టం. కానీ గడ్డపార పట్టే చేతులకు అరచేతిలో చర్మం గట్టిపడితే “కాయలు కాసినయి” అనే అంటాం కాబట్టి, చాలామంది ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకుంటారు. నిఘంటువు ప్రకారం అవి వేరు. అరచెయ్యి చూపిస్తూ “ఇదీ కాయకష్టం” అనే పెద్దమనిషిని మాత్రం నేను సరిదిద్దను.

కర్ణాటక సరిహద్దులో ఉన్న నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు ఇంకో సంగతి ఉంది. అక్కడ కన్నడం ఇంట్లో మాట్లాడేవాళ్లూ, బసవన్నను కొలిచేవాళ్లూ ఉన్నారు. బసవన్న, ఆయన తోటి పన్నెండో శతాబ్దపు శరణులు (శివభక్తులు) ఎవరి వృత్తి వారు నిజాయితీగా చేయడాన్ని ‘కాయక’ అన్నారు. “కాయకవే కైలాస” (పనే కైలాసం) అనే మాట ఆ సంప్రదాయానిదే. అందులోని కాయం, మన కాయకష్టంలోని కాయం ఒకటే.

కష్టం, శ్రమ, పని, చాకిరీ, మెహనత్: ఏది ఎక్కడ వాడాలి?

శ్రమ పుస్తకాల మాట. శ్రమ దోపిడీ, శ్రమశక్తి, శ్రమదానం అంటాం గానీ “ఇయ్యాల శ్రమకు పోతున్న” అని ఎవరూ అనరు. పని అన్నింటికీ సరిపోతుంది, అందులో బరువు లేదు. చాకిరీ ఫారసీ నుంచి వచ్చింది, చాకర్ అంటే సేవకుడు. అందుకే ఆ మాటలో ఎప్పుడూ ఒక యజమాని ఉంటాడు. ‘గొడ్డు చాకిరీ’, ‘ఇంటెడు చాకిరీ’ అన్నప్పుడు చేసేవాళ్లకు గౌరవం దక్కలేదన్న ఫిర్యాదు వినపడుతుంది. మెహనత్ ఉర్దూ మాట, నిజాం కాలం నుంచి పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో తెలుగువాళ్ల నోట కూడా ఉంది. మెహనత్ చేసిండు అంటే మెచ్చుకోలు.

కైకిలి అంటే ఏమిటి? కూలి అనే అంటే సరిపోదా?

రోజు కూలికి పొలం పనికి పోవడాన్ని తెలంగాణ పల్లెల్లో కైకిలి అంటారు. కై అంటే చెయ్యి. కైకూలి అనే మాట నోళ్లలో నలిగి కైకిలి అయింది. కైకిలికి పోయేవాళ్లు కైకిలోళ్లు. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త మాట, ఇక్కడ మాత్రం పుట్టిన పిల్లకు కూడా తెలుసు.

కూలి అంటే డబ్బు, కైకిలి అంటే ఆ రోజు మొత్తం. పొద్దున్నే సద్ది కట్టుకోవడం, గుంపుగా నడవడం లేదా ఇప్పుడైతే ట్రాలీ ఆటో ఎక్కడం, మునుం (పొలంలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే వరుస) పట్టి వరుసగా వంగడం, పొద్దు గూకాక ఇంటికి చేరి మళ్లీ పొయ్యి వెలిగించడం. వరి నాట్లు, కలుపు, పత్తి ఏరడం, పల్లికాయ తెంపడం, మిరపకాయ కోయడం లాంటి పనులన్నింటిలో కైకిలోళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నాట్లలో రోజంతా నడుం వంచి బురదలో వెనక్కి నడిచే పనిని మగవాళ్లు చేయడం ఈ వైపు చాలాకాలం అరుదుగా ఉండేది. అదే పొలంలో మగ కూలి, ఆడ కూలి వేరువేరుగా ఉండడం మాత్రం అందరూ మామూలు విషయం అనుకుంటారు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. అయినా నాటు వేసే చేతికి తక్కువ, గట్టు చెక్కే చేతికి ఎక్కువ అనే లెక్క సాగుతూ వచ్చింది. ఇది మారాలి.

పాత రోజుల్లో కైకిలి గింజల్లో ఉండేది. కుంచం, మానిక, తవ్వ లాంటి కొలతలతో వడ్లు, జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్లు. ఆసామి ఇంటి కుంచం ఒకటి, అంగట్లో కుంచం ఒకటి అని వాదులాటలు జరిగేవి. పల్లికాయ తెంపినవాళ్లకు, పత్తి ఏరినవాళ్లకు ఎంత తెంపితే అంత, ఎన్ని కిలోలైతే అన్ని అని ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఉంది.

గుత్త, బదులు, జీతం: ఇవి కూడా కష్టం కిందికే వస్తాయా?

వస్తాయి. గుత్త అంటే ఎకరాకు ఇంత అని మొత్తం పని మాట్లాడుకోవడం. పది పదిహేను మంది ఆడవాళ్లు ముఠా కట్టి గుత్తకు నాట్లు వేస్తారు. తొందరగా అయితే రోజుకు ఎక్కువ పడుతుంది, ఒళ్లు కూడా అంతే తొందరగా అరుగుతుంది.

బదులు అంటే నువ్వు మా పొలానికి ఒక రోజు రా, నేను మీ పొలానికి ఒక రోజు వస్తా అనే ఒప్పందం. డబ్బు మాటే ఉండదు. చిన్న రైతులు బతికింది దీని మీదే.

జీతం అనే మాట దగ్గర జాగ్రత్త కావాలి. పట్నంలో జీతం అంటే నెల ఉద్యోగం, గౌరవం. ఊళ్లో “జీతం ఉన్నడు” అంటే ఒక ఆసామి ఇంట్లో ఏడాది ఒప్పందానికి పాలేరుగా చేరాడని. సాధారణంగా ఉగాది నుంచి ఉగాదికి లెక్క. పసుల కాడి జీతానికి చిన్నపిల్లలను పెట్టేవాళ్లు. అప్పు తీర్చడానికి ఏళ్ల తరబడి జీతం ఉండిపోవడాన్ని హైదరాబాద్ రాజ్యంలో భగేలా అనేవాళ్లు. తండ్రి అప్పు కొడుకు మీదికి వచ్చేది. “మా నాయిన జీతం ఉన్నడు” అని ఎవరైనా చెబితే, ఏ కంపెనీలో అని అడగకండి.

వెట్టి అంటే కష్టమైన పని అనేనా అర్థం?

కాదు. ఇప్పుడు ఆఫీసులో ఆదివారం పని చేయించినా ‘వెట్టి’ అనేస్తున్నారు. దయచేసి అలా వాడకండి. వెట్టి అంటే కూలి లేకుండా, కాదనే వీలు లేకుండా చేయించుకునే పని. సంస్కృతంలోని విష్టి అనే మాటతో దీనికి చుట్టరికం ఉంది. పని తేలికైనా అది వెట్టే. ఒక చీటీ పట్టుకుని పక్క ఊరికి వెళ్లి రావడం పెద్ద కష్టమేమీ కాదు. కానీ దొర పిలిచినప్పుడు తన పొలం, తన అన్నం వదిలి పోవలసి రావడం వెట్టి.

నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో ఇది కులం కులానికీ పంచిపెట్టి ఉండేది. చాకలి గడీ (దొర ఉండే పెద్ద భవనం) బట్టలు ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. మాదిగ చెప్పులు, మోట తోళ్లు ఇవ్వాలి, చీటీలు మోయాలి, డప్పు కొట్టాలి. బోయలు మేనాలు మోయాలి. రైతు ముందు దొర పొలం దున్ని, దొర పొలానికి నీళ్లు పెట్టాకే తన పొలంలోకి దిగాలి. అధికారులు ఊళ్లోకి వస్తే వాళ్లకు కావలసినవన్నీ ఊరే మోయాలి.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండో ఆంధ్ర మహాసభ తర్వాత సంఘం ఊరూరికీ చేరింది. జనం నోట అది ‘గుత్పల సంఘం’ (గుత్పలంటే చేతికర్రలు) కూడా అయింది. వెట్టి చేయం, అక్రమ వసూళ్లు ఇవ్వం అనేవి దాని మొదటి మాటలు. ఆ రోజుల్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) మనుషులు ఎత్తుకుపోవాలని వచ్చినప్పుడు సంఘం వాళ్లు నిలబడి ఆ గింజలను ఆమె ఇంటికే చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు చనిపోయాడు. ఆ తర్వాత 1951 దాకా సాగిన సాయుధ పోరాటం గురించి చాలామందికి తెలుసు. భూమి కోసం పోరాటం అని చెప్పుకుంటాం, అది నిజం. కానీ మొదట లేచిన ప్రశ్న ఒంటి మీద హక్కు గురించి: నా కష్టం నాదా, దొరదా?

ఈ చరిత్ర ఉన్న గడ్డ మీద వెట్టి అనే మాటను చిన్న చిరాకులకు ఖర్చు పెడితే, నిజంగా వెట్టి చేసినవాళ్ల మనవలకు అది తగులుతుంది.

బేగార్ అన్నా వెట్టి అన్నా ఒకటేనా?

ఒకటే. బేగార్ ఫారసీ మాట, సర్కారు కాగితాల్లో ఉండేది. భారత రాజ్యాంగం 23వ అధికరణ బలవంతపు పనిని నిషేధిస్తుంది. దాని ఇంగ్లిష్ పాఠంలో కూడా ‘బేగార్’ అనే మాటను అనువదించకుండా అలాగే ఉంచారు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడా బలవంతపు పనే అంది. కొట్టి చేయించనక్కర్లేదు, ఆకలి మనిషిని ఆ పనిలోకి తోసినా అది బలవంతమే అన్నది ఆ తీర్పు సారం. “కష్టం తిన్నడు” అనే మన మాట చెప్పేదీ ఇదే.

‘పాలమూరు లేబర్’ అనే పేరు ఎలా వచ్చింది? అలా పిలవడం తప్పా?

మహబూబ్‌నగర్ పాత పేరు పాలమూరు. వాన తక్కువ, చెరువులు తెగిపోయినవి ఎక్కువ, బోర్లు ఎండిపోయే నేల. కృష్ణా నది ఈ జిల్లా గుండానే తెలంగాణలోకి అడుగుపెడుతుంది, తుంగభద్ర దక్షిణపు అంచున పారుతుంది. అయినా పొలాలు వాన కోసమే చూస్తూ వచ్చాయి. అందుకే దసరా, దీపావళి దాటాక మొగుడూ పెళ్లాం కలిసి, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి లేదా చంకనేసుకుని, బొంబాయి లాంటి చోట్లకు వలస పోయేవాళ్లు. గుంపు మేస్త్రీ ముందే కొంత డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు అప్పుగా లెక్క. పని, తిండి, తిరుగు ప్రయాణం అన్నీ మేస్త్రీ చేతిలో. మళ్లీ పీర్ల పండుగకో ఉగాదికో ఊరికి వచ్చి, ఏరువాకకు పొలంలో నిలబడేవాళ్లు. “బొంబాయి బస్సు” అనే మాట పాలమూరులో ఒక బస్సు పేరుగా మిగలలేదు, ఒక బతుకు పేరు అయింది.

మట్టి పనిలో వీళ్లకు సాటి లేరని దేశమంతా పేరు. ఆనకట్టలు, కాలువలు, రైలు కట్టలు, పునాదులు. నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ సిమెంటు గోడ కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట. 124 మీటర్ల ఎత్తు. ఆ రాళ్లను మనుషులు పరంజాల మీద నుంచి మోసుకుంటూ పైకి ఎక్కించారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ కట్ట మీదికి వెళ్లిన ప్రతిసారీ గేట్లను, నీళ్లను చూస్తాం. ఒక్కసారి ఆ రాళ్లను కూడా చూడండి, ప్రతి రాయినీ ఒక మనిషి ఎత్తాడు.

పేరు తప్పా అంటే, పలికే తీరును బట్టి ఉంటుంది. పాలమూరు మనిషి తానే “మేం పాలమూరు లేబర్” అని చెప్పుకుంటే అందులో నైపుణ్యం, గర్వం ఉన్నాయి. పట్నం వాళ్లు “లేబర్ గాడు”, “లేబర్ భాష” అన్నప్పుడు అది తిట్టు. మట్టి రకం చూసి ఎంత లోతుకు ఎంత వాలు పెట్టాలో కొలబద్ద లేకుండా చెప్పగల మనిషిని ‘నైపుణ్యం లేని కూలీ’ గడిలో వేయడం కూడా నా లెక్కలో అన్యాయమే.

‘కరువు పని’ అంటే?

ఉపాధి హామీ పని. 2005లో వచ్చిన చట్టం పల్లె కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పనికి హామీ ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. కరువు వచ్చినప్పుడు సర్కారు మట్టి పనులు పెట్టే పాత అలవాటు వల్ల జనం దీన్ని కూడా కరువు పని అనేశారు. మేట్, మస్టర్, కొలతలు అనే మాటలు దీనితో ఇళ్లలోకి వచ్చాయి. ఊరు వదలకుండా కష్టం చేసుకునే వీలు ఇచ్చినందుకు ఆడవాళ్లు దీన్ని ఎక్కువగా పట్టుకున్నారు.

రెక్కల కష్టం అంటే పొలం పని ఒక్కటేనా?

కాదు. తాటిచెట్టుకు మోకు, ముస్తాదు (చెట్టెక్కే తాళ్లు, సరంజామా) వేసుకుని రోజూ ఎక్కి దిగే గీత కార్మికుడిది, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీది రెక్కల కష్టమే. గద్వాల వైపు సీడ్ పత్తి చేలలో ‘క్రాసింగ్’ అనే పని ఉంది. సాయంత్రం మొగ్గలు విప్పి సిద్ధం చేస్తారు, మరునాడు పొద్దున పుప్పొడి అద్దుతారు, ఇలా వారాల తరబడి ఒక్కో పువ్వుకూ వంగాలి. చిన్న చేతులు తొందరగా ఆడతాయని పిల్లలను బడి మాన్పించి ఇందులోకి దించారు. పిల్లల కష్టాన్ని కష్టం అని మెచ్చుకోకూడదు, ఆపాలి.

ఇంకో పని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు వైపు చేనేత ఇళ్లలో చిటికి కట్టి (నూలును అక్కడక్కడ ముడివేసి) రంగులు అద్దే ముందు నూలును మేకుల చుట్టూ అర్ధచంద్రంలా పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని ఆడవాళ్లది. మగ్గం మీద కూర్చున్న మగవాడిని నేతగాడు అన్నారు, ఆసు పోసిన భార్యకు భుజం నొప్పి తప్ప ఒక పేరు కూడా లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్లపాటు తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తల్లి రెక్కల కష్టాన్ని ఇంత దగ్గరగా చూసిన కొడుకులు తక్కువ.

ఇంటి పనిని కష్టం అనొచ్చా?

అనాలి. కైకిలి నుంచి వచ్చి నీళ్లు పట్టి, వండి, పసులకు కుడితి పెట్టే మనిషి చేసేది రెండో కైకిలి. అలవాటుగా దాన్ని ‘ఇంటి పని’ అని వదిలేస్తాం. అక్కడ కష్టం అనే మాట వాడడం మొదలుపెడితే, దానికి ఫలం ఏమిటి, ఎవరు పంచుకోవాలి అనే ప్రశ్నలు వెంటనే వస్తాయి.

‘కష్టే ఫలి’ సరైనదేనా?

ఎక్కువమంది కష్టే ఫలి అనో కష్టే ఫలే అనో అంటారు, కష్టానికి ఫలితం ఉంటుందని భావం. గోడల మీద రాసుకోవడానికి బాగానే ఉంటుంది. కష్టం చేసినా ఫలం రానివాళ్లకు దాన్ని నీతిగా చెప్పకండి.

చదువు, సాఫ్ట్‌వేర్, ఆఫీసు పనికి ‘కష్టం’ అని వాడొచ్చా?

కష్టపడుతున్నాను అని నిరభ్యంతరంగా అనొచ్చు. రాత్రిళ్లు మేలుకోవడం, టెన్షన్, టార్గెట్లు తక్కువ భారం కాదు. రెక్కల కష్టం, కాయకష్టం అనే మాటలను మాత్రం ఒంటితో చేసేవాళ్లకే ఉంచితే బాగుంటుంది. కష్టార్జితం అయితే ఇద్దరిదీ.

ఎవరైనా మా కష్టం తింటే ఎవరి దగ్గరికి పోవాలి?

ముందుగా రాసి పెట్టుకోండి: ఎన్ని రోజులు, ఎవరి కింద, ఎక్కడ, ఎంత మాట్లాడుకున్నారు, ఎంత ముట్టింది. మేస్త్రీ ఫోన్‌లో పంపిన డబ్బుల వివరాలు, పని చోట తీసుకున్న ఫొటోలు పనికొస్తాయి. కూలి బకాయిలకు, కనీస వేతనం ఇవ్వకపోవడానికి కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయాలి. గుంపంతా కలిసి పోతే మాట బలంగా ఉంటుంది.

అప్పు పేరుతో కదలనివ్వకుండా పని చేయిస్తుంటే అది వెట్టి చాకిరీ నేరం. 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద దానికి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. కలెక్టర్‌కు గానీ ఆర్డీవోకు గానీ చెప్పాలి. విచారణలో తేలితే విడుదల పత్రం ఇస్తారు, పునరావాస సాయానికి అదే ఆధారం, దాన్ని పోగొట్టుకోవద్దు. ఆ చట్టం ప్రకారం వెట్టికి కారణమైన అప్పు రద్దయిపోతుంది, తిరిగి కట్టనక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని ఎవరైనా వాదిస్తే, రుజువు చేయాల్సింది అప్పు ఇచ్చినవాడే, పని చేసినవాళ్లు కాదు.